సింగపూర్ క్రూయిజ్‌కి ముందు ఒక రాత్రి, తర్వాత రెండు: సిటీ స్టే కలుపుకునే పద్ధతి

మన వైపు నుంచి క్రూయిజ్ అనగానే ఎక్కువ మంది చూపు సింగపూర్ మీదే పడుతుంది. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల పైచిలుకు విమానం, అక్కడ మూడు నాలుగు రాత్రులు ఓడలో, దారిలో పెనాంగో ఫుకెట్టో. ఏజెంట్ పంపే పీడీఎఫ్‌లో ఓడ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఎన్ని అంతస్తులు, ఎన్ని స్విమ్మింగ్ పూల్స్, ఇండియన్ ఫుడ్ ఉందా లేదా అన్నీ రాస్తారు. సింగపూర్‌లో ఉండే రోజుల గురించి మాత్రం ‘రెండు రాత్రులు, బ్రేక్‌ఫాస్ట్‌తో’ అని ఒక్క ముక్క. ఆ రెండు రాత్రులు ఓడకి ముందా, వెనకా? ఏ పేటలో? పొద్దున ఆరింటికి దిగితే గది ఇస్తారా? ఓడ దిగిన రోజు సామాను ఎక్కడ పెట్టాలి? ట్రిప్ హాయిగా సాగుతుందో టెన్షన్‌గా మారుతుందో తేలేది ఇక్కడే.

నా లెక్క సూటిగా చెప్పేస్తాను. ఓడకి ముందు ఒక రాత్రి, ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గించకుండా. ఊరు చూసే రోజులన్నీ ఓడ దిగిన తర్వాత. కారణాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ముందు రాత్రి ఎందుకు, తర్వాతి రాత్రులు ఎందుకు

విమానం ఆలస్యమైతే తర్వాతి విమానం ఉంటుంది. ఓడకి తర్వాతి ఓడ ఉండదు. సింగపూర్ నుంచి సాయంత్రం బయల్దేరే ఓడకి కూడా చెక్-ఇన్ గంట, గంటన్నర ముందే మూసేస్తారు. ఆ తర్వాత మీరు టెర్మినల్ గుమ్మంలో నిలబడి ఉన్నా ఎక్కనివ్వరు, డబ్బు తిరిగి రాదు. మన విమానాల్లో రాత్రి బయల్దేరి పొద్దున దిగేవి ఎక్కువ కాబట్టి, “పొద్దున్నే దిగుతాం, మధ్యాహ్నం ఓడ ఎక్కేస్తాం, ఒక హోటల్ రాత్రి మిగులుతుంది కదా” అనిపిస్తుంది. కాగితం మీద ఆ లెక్క బాగానే ఉంటుంది. విమానం నాలుగు గంటలు లేటైనా, ఒక సూట్‌కేసు రాకపోయినా ఆ లెక్క కుప్పకూలుతుంది. సూట్‌కేసు సంగతి చాలామంది ఆలోచించరు. రేపటి విమానంలో బ్యాగు వస్తుంది, కానీ రేపటికి మీరు మలక్కా జలసంధిలో ఉంటారు. ఒక రోజు ముందే దిగితే ఆ బ్యాగు హోటల్‌కి చేరే అవకాశం ఉంటుంది.

ఇంకో సంగతి. రాత్రంతా విమానంలో సరిగ్గా నిద్రలేక, సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుండి, ఆ అలసటతో ఓడ ఎక్కితే మొదటి సాయంత్రం నిద్రకే పోతుంది. ఓడలో రోజుకింత అని ఖరీదు కట్టి పడుకోవడం నాకైతే నచ్చదు.

మరి ఊరు చూడటం తర్వాతకే ఎందుకు? మూడు కారణాలు. ఊరంతా తిరిగి, కాళ్లు పీకుతూ ఓడ ఎక్కడం కన్నా, ఓడలో విశ్రాంతి తీసుకుని ఊరు తిరగడం పెద్దవాళ్లకి సుఖం. కొన్న సామాను ఓడ గదిలోకి మోసుకెళ్లే పని ఉండదు, ఆ గదులు చిన్నవి. మూడోది జీఎస్టీ రిఫండ్, దాని గురించి చివర్లో చెబుతాను. సెలవు తక్కువ ఉండి మొత్తం ఒక్క రాత్రే కలపగలిగితే, అది ముందు రాత్రే కావాలి. ఓడ పొద్దున తీరం చేరి, మీ విమానం రాత్రికి ఉంటే ఆ పగలంతా ఊరు మీదే.

2. వీసా: సింగపూర్‌లోకి మీరు రెండుసార్లు వస్తున్నారు

అందరూ మరిచిపోయే విషయం ఇది. విమానం దిగినప్పుడు ఒకసారి సింగపూర్‌లోకి ప్రవేశిస్తారు. ఓడ ఎక్కేటప్పుడు దేశం దాటినట్టు లెక్క. ఓడ తిరిగొచ్చినప్పుడు మళ్లీ ప్రవేశం. కాబట్టి వీసా ఒకే ఒక్క ప్రవేశానికి ఉంటే ఓడ దిగేటప్పుడు చిక్కు వస్తుంది, అసలు ఎక్కేటప్పుడే క్రూయిజ్ సిబ్బంది ఆపేస్తారు. ఈ-వీసా చేతికి రాగానే అందులో ‘మల్టిపుల్ జర్నీ’ అని ఉందా, గడువు తేదీ ఓడ తిరిగొచ్చే రోజు దాటి ఉందా చూసుకోండి. పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మన పాస్‌పోర్టుల్లో మామూలే. పాస్‌పోర్టులో ఎలా ఉందో వీసాలో, విమానం టికెట్లో, క్రూయిజ్ బుకింగ్‌లో కూడా అలాగే ఉండాలి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

సింగపూర్ వీసా గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారా తీసుకుంటారు. ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంట్ తన చార్జీ వేరుగా వేసుకుంటాడు. వీసా కాక ఎస్‌జీ అరైవల్ కార్డు అని ఒకటి ఉంది. చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపు సింగపూర్ ఇమిగ్రేషన్ సంస్థ ఐసీఏ వెబ్‌సైట్లోనో యాప్‌లోనో నింపాలి. పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదని అర్థం. ఈ కార్డు కూడా రెండుసార్లు నింపాలి, విమానానికి ఒకసారి, ఓడ తిరుగు ప్రయాణానికి ఒకసారి. రెండోదాన్ని నడి సముద్రంలో వైఫై కొనుక్కుని నింపే అవస్థ లేకుండా, గడువు లోపలికి వచ్చిందో లేదో చూసుకుని, ఓడ రేవులో ఆగినప్పుడు నింపేయండి. ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. ఎన్ని రోజులు ఉండొచ్చో తెలిపే ఈ-పాస్ మీ మెయిల్‌కి వస్తుంది. అందుకని కార్డులో ఏజెంట్ మెయిల్ కాకుండా మీరు రోజూ చూసే మెయిల్ ఇవ్వండి.

ఓడ ఆగే దేశాల సంగతి వేరు. మలేషియా 2023 డిసెంబర్ నుంచి భారతీయులకు వీసా మినహాయింపు ఇచ్చింది, దాన్ని 2026 చివరి వరకు పొడిగించింది. మలేషియాకి, థాయిలాండ్‌కి కూడా ఆన్‌లైన్ అరైవల్ కార్డులు ఉన్నాయి. ఓడ ప్రయాణికులకు అవి ఎప్పుడు, ఎలా వర్తిస్తాయో క్రూయిజ్ కంపెనీ బయల్దేరే ముందు పంపే మెయిల్‌లో ఉంటుంది. ఏడాది కిందట వెళ్లొచ్చిన బావగారి మాట కన్నా ఆ మెయిల్ నమ్మండి.

3. విమానం, పొద్దున ఆరింటి సమస్య

హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. విశాఖ నుంచి స్కూట్ అనే విమాన సంస్థ నేరుగా నడుపుతోంది. ఎక్కడ ఎక్కినా, రాత్రి బయల్దేరే విమానం పొద్దున్నే చాంగి ఎయిర్‌పోర్టులో దింపుతుంది. సింగపూర్ హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి. మధ్యలో ఎనిమిది గంటలు.

చిన్న పిల్లలు, అరవై దాటిన పెద్దలు వెంట ఉంటే నా సలహా ఒకటే. ముందటి రాత్రికి కూడా గది బుక్ చేయండి. ఆదివారం రాత్రి విమానం ఎక్కి సోమవారం పొద్దున దిగుతుంటే, హోటల్ బుకింగ్ ఆదివారం తేదీ నుంచి ఉండాలి. అలా చేసినప్పుడు హోటల్‌కి తప్పనిసరిగా ముందే రాయండి, “మేం సోమవారం పొద్దున ఏడింటికి వస్తాం, గది అట్టే పెట్టండి” అని. రాయకపోతే ఆదివారం రాత్రి మీరు రాలేదని బుకింగ్ రద్దు చేసేస్తారు. ఆ ఖర్చు ఎక్కువనుకుంటే, ఎర్లీ చెక్-ఇన్‌కి ఎంత తీసుకుంటారో అడగండి. సగం రోజు అద్దెతో ఒప్పుకునే హోటళ్లు ఉన్నాయి, ఆ రోజు గది ఖాళీ ఉంటేనే అనుకోండి.

యువ జంటలైతే అంత అక్కర్లేదు. ఎయిర్‌పోర్టుని ఆనుకునే జ్యూయెల్ అనే షాపింగ్ కాంప్లెక్స్ ఉంది, 2019లో తెరిచారు. దాని నడుమ 40 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతం చూసి, టిఫిన్ చేసి, హోటల్‌కి వెళ్లి సామాను అక్కడ పడేసి, దగ్గర్లో తిరిగి మూడింటికి గదిలోకి చేరొచ్చు. హోటళ్లు సామాను ఉచితంగానే దాచిపెడతాయి.

4. మీ ఓడ ఏ టెర్మినల్ నుంచి?

సింగపూర్‌లో క్రూయిజ్ టెర్మినళ్లు రెండు. పెద్ద ఓడలు ఎక్కువగా ఆగేది మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో, 2012లో మొదలైంది. రెండోది హార్బర్‌ఫ్రంట్‌లో వీవోసిటీ మాల్ పక్కన ఉన్న సింగపూర్ క్రూయిజ్ సెంటర్. పేర్లు ఒకేలా ఉండటంతో ట్యాక్సీవాడికి ‘క్రూయిజ్ సెంటర్’ అని మాత్రమే చెబితే తప్పు రేవుకి చేరే ప్రమాదం ఉంది. బోర్డింగ్ పాస్ మీద ఉన్న పూర్తి పేరు చూపించండి.

మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌కి దగ్గరి మెట్రో స్టేషన్ మెరీనా సౌత్ పియర్, నార్త్ సౌత్ లైన్‌లో చివరిది. అక్కడి నుంచి నడకే. హార్బర్‌ఫ్రంట్ స్టేషన్ నార్త్ ఈస్ట్ లైన్‌లో ఉంది, స్టేషన్ నుంచి మాల్ లోంచే వెళ్లిపోవచ్చు.

సింగపూర్ చిన్న దేశం కాబట్టి దూరాల సమస్య లేదు. వేరే చోట ఇదే పెద్ద చిక్కు. ‘రోమ్ నుంచి క్రూయిజ్’ అని అమ్మే ఓడ చివితావెక్కియా రేవు నుంచి బయల్దేరుతుంది, అది రోమ్‌కి 70, 80 కిలోమీటర్లు. ‘లండన్’ ఓడలు చాలావరకు సౌతాంప్టన్ నుంచి. టెక్సాస్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఎక్కే ‘హ్యూస్టన్’ ఓడ గాల్వెస్టన్ నుంచి. అలాంటి చోట్ల ముందు రాత్రి ఊళ్లో కాకుండా రేవు దగ్గరే ఉండటం మేలు. యూరప్ క్రూయిజ్‌లో ఓడ టర్కీ వైపు వెళ్లి తిరిగొస్తుంటే షెంగెన్ వీసా కూడా ఒకటికి మించిన ప్రవేశాలకు ఉండాలి.

5. ఏ పేటలో దిగాలి

చాలామంది అడిగేది ‘టెర్మినల్‌కి దగ్గర హోటల్ ఏది’ అని. మెరీనా బే క్రూయిజ్ సెంటర్ చుట్టూ హోటళ్ల వీధంటూ లేదు. ఊళ్లో ఎక్కడున్నా ట్యాక్సీలో మామూలు ట్రాఫిక్‌లో అరగంట పట్టదు. అందుకని దూరం లెక్క వదిలేసి, తిండి, గది సైజు, మెట్రో చూసుకోండి.

మన కుటుంబాలకి నేను మొదట చెప్పేది లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ ప్రాంతం. సెరంగూన్ రోడ్డు మీద పొద్దున్నే ఇడ్లీ, కాఫీ దొరుకుతాయి. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ అక్కడే. శ్రీనివాస పెరుమాళ్ ఆలయం ఆ రోడ్డులోనే ఉంది, ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణం నాలుగడుగుల్లో. లిటిల్ ఇండియా స్టేషన్ నుంచి హార్బర్‌ఫ్రంట్‌కి రైలు మారకుండా వెళ్లొచ్చు. మెరీనా సౌత్ పియర్‌కైతే ఒక్క స్టేషన్ తర్వాత ధోబీ ఘాట్‌లో మారితే చాలు. ఆదివారాలు ఆ వీధులు వలస కార్మికులతో కిక్కిరిసి ఉంటాయి. సందడి ఇష్టం లేనివాళ్లు బూగిస్ లేదా చైనాటౌన్ వైపు చూసుకోండి. చైనాటౌన్ అంటే మనకేం పని అనుకోకండి, సింగపూర్‌లో అతి పాత హిందూ దేవాలయం, 1827 నాటి మారియమ్మన్ గుడి ఆ పేటలోనే ఉంది. మెరీనా బే హోటళ్లలో కిటికీ లోంచి కనిపించే దృశ్యానికే సగం అద్దె. ఒక రాత్రికి ఆ సరదా తీర్చుకోవాలంటే ఓడ దిగిన తర్వాత తీర్చుకోండి, ముందు రాత్రి నిద్రపోవడానికే కదా.

గదుల విషయంలో మన అలవాట్లు అక్కడ చెల్లవు. మామూలుగా ఒక గదిలో ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ, అంతే. ‘కింద పరుపు వేసుకుంటాం’ అంటే ఒప్పుకోరు. ఐదుగురుంటే రెండు గదులు తప్పవు, పక్కపక్క గదులు కావాలని బుకింగ్ అప్పుడే అడగండి. ఆన్‌లైన్‌లో కనిపించే ఇళ్లు, ఫ్లాట్లు చవకగా ఉన్నాయని తీసుకోకండి. ప్రైవేటు ఇళ్లను మూడు నెలల కన్నా తక్కువకి అద్దెకివ్వడం అక్కడ చట్టవిరుద్ధం. వంట చేసుకునే వసతి కావాలంటే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, వాటిలో కొన్ని వారానికి తక్కువైతే ఇవ్వవు. హోటల్ లైసెన్సు ఉన్నవే ఒకటి రెండు రాత్రులకి ఇస్తాయి.

ఫార్ములా వన్ రేసు జరిగే వారం, చైనీస్ న్యూ ఇయర్ రోజుల్లో గది అద్దెలు విపరీతంగా పెరుగుతాయి. క్రూయిజ్ తేదీ ఖరారు చేసే ముందే హోటల్ ధర కూడా చూడండి. చవక ఓడ దొరికిందని సంబరపడి, ఆ మిగులంతా హోటల్‌కి పోసినవాళ్లున్నారు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన కిటుకు. ఓడకి ముందు, తర్వాత ఒకే హోటల్‌లో బుక్ చేయండి. మధ్యలో ఓడలో ఉండే రోజులకి అద్దె కట్టక్కర్లేదు, కానీ పెద్ద సూట్‌కేసు మాత్రం హోటల్ స్టోర్‌రూమ్‌లో ఉంచుతారు. మళ్లీ వచ్చే అతిథులకి చాలా హోటళ్లు ఈ సాయం చేస్తాయి. ముందే మెయిల్‌లో అడిగి సరే అనిపించుకోండి, సామాను ఇచ్చినప్పుడు చీటీ తీసుకోండి.

6. సామాను రెండు భాగాలు

పై కిటుకు పనిచేయాలంటే సామాను ఇంటి దగ్గరే విడగొట్టాలి. ఓడకి చిన్న సూట్‌కేసు, ఊరికి పెద్దది.

పెద్దదాంట్లో ఉండాల్సినవి ముఖ్యంగా ఓడలోకి రానివ్వనివి: ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్. నిప్పు భయం వల్ల వేడిచేసే వస్తువేదీ ఓడలో వాడనివ్వరు. స్కానింగ్‌లో బయటపడితే తీసి పక్కన పెట్టి దిగేటప్పుడు ఇస్తారు, ఈలోగా మీ పెట్టె కోసం మీరు వెతుక్కుంటూ ఉంటారు. ఇంట్లో వండిన తిండి కూడా ఓడలోకి వద్దంటారు. పచ్చడి సీసా హోటల్‌లో వదిలేసి, పిల్లల కోసం సీలు తీయని బిస్కెట్లు, చిప్స్ తీసుకెళ్లండి.

అసలు సింగపూర్‌లోకే తీసుకెళ్లకూడనివి కొన్ని ఉన్నాయి, అవి మన వంటింటికి చాలా దగ్గరివి. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు సొంత వాడకానికి కొద్దిగా అయితే ఇబ్బంది లేదు. చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం వద్దు, భారతదేశం నుంచి మాంసం ఉత్పత్తులు తేనివ్వరు. గసగసాలు అస్సలు వద్దు. మనకి మసాలా, వాళ్లకి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే సరుకు. అత్తగారు కట్టిచ్చిన మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయా అని అడిగి మరీ పెట్టుకోండి. ఖైనీ, జర్దా, గుట్కా నిషేధం. ఈ-సిగరెట్ జేబులో ఉన్నా నేరమే. చూయింగ్ గమ్ తేకూడదు. సిగరెట్లకి ఒక్క పెట్టెకి కూడా సుంకం మినహాయింపు లేదు. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మందులు, కోడీన్ ఉన్న దగ్గు మందు వాడేవాళ్లు ముందే అక్కడి ఆరోగ్య సంస్థ హెచ్‌ఎస్‌ఏ నియమాలు చూసి, అవసరమైతే అనుమతి తీసుకోవాలి. మిగతా మందులకి డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి.

ఓడ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు టెర్మినల్‌లోనే తీసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, మందులు, ఈత దుస్తులు, ఫోన్ చార్జరు చేతి సంచిలోనే ఉండాలి. సింగపూర్‌లో ప్లగ్ దీర్ఘచతురస్రపు మూడు పుల్లలది, మనది పట్టదు. ఓడలో మళ్లీ వేరే రకం. అన్నిటికీ పనికొచ్చే అడాప్టర్ ఒకటి కొనుక్కుంటే తీరిపోతుంది.

7. డబ్బు, ఇన్సూరెన్స్

క్రూయిజ్ కంపెనీలే ముందు, వెనక హోటల్ రాత్రులు, టెర్మినల్ వరకు బస్సు కలిపి అమ్ముతాయి. సింగపూర్ లాంటి సులువైన ఊళ్లో ఆ అదనపు సొమ్ముకి తగ్గ లాభం నాకు కనిపించలేదు. భాష రాని, రేవు దూరంగా ఉన్న ఊళ్లో అయితే ఆలోచించొచ్చు. మధ్యరకం హోటల్ గదికి రాత్రికి 150 నుంచి 250 సింగపూర్ డాలర్లు అనుకుని బడ్జెట్ వేసుకోండి, సీజన్‌లో ఇంకా ఎక్కువ.

విమానం, హోటల్, ఓడ అన్నీ ఒకే ఏజెంట్ దగ్గర ప్యాకేజీగా తీసుకుంటే టీసీఎస్ అని కొంత పన్ను ముందే వసూలు చేస్తారు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో అది మీ లెక్కలో జమ అవుతుంది, అయితే చేతిలోంచి ముందు పోయే డబ్బే కాబట్టి కొటేషన్‌లో కలిపారో లేదో అడగండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇంటి నుంచి బయల్దేరిన రోజు మొదలు తిరిగొచ్చే రోజు వరకు, ఓడ రోజులు, ఊరి రోజులు రెండిటికీ ఉండాలి. కొన్ని పాలసీల్లో క్రూయిజ్‌ని విడిగా చేర్చాలి. ఓడలో డాక్టరుని చూపించుకుంటే బిల్లు మనదే. గర్భిణులు ఇంకో విషయం చూసుకోవాలి, 24 వారాలు నిండేవాళ్లని చాలా క్రూయిజ్ కంపెనీలు ఎక్కించుకోవు. ఆ లెక్క ఓడ ఎక్కే రోజుకి కాదు, దిగే రోజుకి.

8. ముందు రాత్రి, ఎక్కే రోజు

ముందు రోజు పెద్ద ప్రోగ్రాములు పెట్టుకోకండి. సాయంత్రం గార్డెన్స్ బై ద బేకి వెళ్తే సూపర్‌ట్రీలనే భారీ కృత్రిమ చెట్ల కింద రాత్రి 7.45కి, 8.45కి దీపాల ప్రదర్శన ఉచితం. నేల మీద పడుకునో, కుర్చీలో కూర్చునో చూసి, అన్నం తిని, పడుకోండి. యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కు ఆ రోజు పెట్టుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఎక్కే రోజు ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో మీరు ఎంచుకున్న సమయానికే వెళ్లండి. మరీ ముందు వెళ్తే కూర్చోబెడతారు. హోటల్ గది పదకొండు, పన్నెండింటికి ఖాళీ చేయాలి కాబట్టి పన్నెండు, ఒంటి గంట స్లాటు సరిపోతుంది. సామాను, పెద్దలు ఉంటే మెట్రో వద్దు, ట్యాక్సీయే మేలు. మామూలు ట్యాక్సీలో నలుగురే ఎక్కాలి, అంతకు మించితే ఆరు సీట్ల బండి బుక్ చేయండి. 1.35 మీటర్ల కన్నా పొట్టి పిల్లలకి కార్లో చైల్డ్ సీటు ఉండాలని చట్టం. మామూలు ట్యాక్సీలకి మినహాయింపు ఉంది గానీ, గ్రాబ్ యాప్‌లో బుక్ చేస్తే వచ్చే ప్రైవేటు కార్లకి లేదు. సీటు లేని గ్రాబ్ కారు డ్రైవరు పిల్లల్ని చూసి ఎక్కించుకోకుండా వెళ్లిపోతే అది పొగరు కాదు, ఫైన్ భయం.

ఓడ కదలగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌కి ఫోన్ తనంతట తనే కలిసిపోతే రోమింగ్ బిల్లు ఓడ టికెట్టంత రావచ్చు.

9. దిగిన రోజు నుంచి విమానం దాకా

ఎక్కువ ఓడలు పొద్దున్నే తీరం చేరతాయి, తొమ్మిది, పది లోపు అందర్నీ దింపేస్తాయి. ఓడనిబట్టి ఈ వేళ మారుతుంది, మధ్యాహ్నం చేరేవీ ఉన్నాయి, టికెట్లో చూసుకోండి. ముందు రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. అందులో పాస్‌పోర్టు, మర్నాడు వేసుకునే బట్టలు సర్దేయకండి. పైజామాలో దిగేవాళ్లు ప్రతి ఓడలోనూ ఒకరిద్దరు కనిపిస్తారు.

దిగాక నేరుగా హోటల్‌కి వెళ్లి సామాను అప్పజెప్పండి. గది దొరికేదాకా ఎండలో తిరగకుండా ఏసీలో గడపగలిగే చోటు చూసుకోవాలి. గార్డెన్స్ బై ద బేలోని రెండు అద్దాల తోటలు, ఫ్లవర్ డోమ్, క్లౌడ్ ఫారెస్ట్, ఆ పూటకి సరిగ్గా సరిపోతాయి. బాగా చల్లగా ఉంటుంది, పెద్దలకి శాలువా పెట్టండి. ఇక మిగిలిన రోజుల్ని ఒక పూటకి ఒక చోటు చొప్పున వేసుకోండి. మాండాయ్‌లో జూ, నైట్ సఫారీ, 2023లో తెరిచిన బర్డ్ ప్యారడైజ్ ఒకే దగ్గర ఉన్నాయి, అక్కడికి ఒక రోజు. పిల్లలుంటే సెంటోసా ద్వీపానికి ఒక రోజు. పిల్లలు లేకపోతే సెంటోసా తీసేసి బొటానిక్ గార్డెన్స్‌కి పొద్దున్నే వెళ్లండి, యునెస్కో వారసత్వ స్థలం, ప్రవేశం ఉచితం, లోపలి ఆర్కిడ్ తోటకి మాత్రం టికెట్. మధ్యాహ్నాలు వాన ఏ నెలలో అయినా పడొచ్చు, గొడుగు సంచిలో ఉండాలి.

మెట్రోకి, బస్సుకి విడిగా కార్డు కొనక్కర్లేదు. ట్యాప్ చేసే వీసా, మాస్టర్‌కార్డులు గేటు దగ్గర పనిచేస్తాయి, విదేశీ కార్డులకి రోజుకి కొద్దిగా అదనపు రుసుము పడుతుంది. ఒక మనిషికి ఒక కార్డు ఉండాలి, ఒకే కార్డుతో నలుగురు వెళ్లలేరు. నీళ్ల సీసాలు కొనకండి, కొళాయి నీళ్లు తాగొచ్చు.

షాపింగ్ ఈ రోజుల్లోనే చేయమన్నది రిఫండ్ కోసం. సింగపూర్‌లో జీఎస్టీ 9 శాతం. పర్యాటకుల రిఫండ్ పథకంలో ఉన్న దుకాణంలో 100 డాలర్లకి తగ్గకుండా కొన్న పర్యాటకులు దేశం వదిలేటప్పుడు ఆ పన్ను తిరిగి అడగొచ్చు, సర్వీస్ చార్జీ పోను వస్తుంది. అయితే సింగపూర్‌లో ఎక్కి సింగపూర్‌లోనే దిగే క్రూయిజ్‌లకి రేవులో ఈ రిఫండ్ ఇవ్వరు, ఎయిర్‌పోర్టులోనే అడగాలి. ఓడకి ముందే కొన్న వస్తువుని ఓడంతా తిప్పి మళ్లీ ఎయిర్‌పోర్టుకి మోయడం దండగ. కొనేటప్పుడు పాస్‌పోర్టు చూపించి బిల్లు దానికి కలపమని అడగండి.

విమానానికి మూడు గంటల ముందు చాంగి చేరండి. రిఫండ్ అడిగే వస్తువులు చెక్-ఇన్ బ్యాగులో ఉంటే, బ్యాగు అప్పజెప్పకముందే చెక్-ఇన్ హాల్లో రిఫండ్ కోసం పెట్టిన ఈటీఆర్‌ఎస్ యంత్రం దగ్గర పని పూర్తి చేసుకోవాలి, కస్టమ్స్ వాళ్లు వస్తువు చూపించమనొచ్చు. బ్యాగు వెళ్లిపోయాక గుర్తొస్తే లాభం లేదు. చేతి సంచిలో ఉన్నవాటికి ఇమిగ్రేషన్ దాటాక కూడా యంత్రాలున్నాయి. డబ్బు క్రెడిట్ కార్డుకి వేయమంటే క్యూ తప్పుతుంది, నగదు కావాలంటే లోపల కౌంటర్ దగ్గర ఇంకో పావుగంట కేటాయించుకోండి.